ఆర్-12 బండికి ఆర్-134ఏ: గ్యాస్ ఒక్కటి మారిస్తే ఏసీ నిలవదు

ఏప్రిల్ దాటిందంటే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ఏసీ షెడ్లకు ఒక రకం బండ్లు వస్తుంటాయి. 1990ల నాటి మారుతి 800, కాంటెస్సా, తర్వాతెప్పుడో ఏసీ బిగించుకున్న అంబాసిడర్. ఇంజిన్ గుండురాయిలా ఉంటుంది, ఏసీలో మాత్రం గ్యాస్ ఉండదు. వాటి పాత గ్యాస్ ఆర్-12, దాని బదులు ఇప్పుడు కొట్టేది ఆర్-134ఏ. "134 కొట్టు, నడుస్తది" అంటాడు ఓనరు. కొడితే నడుస్తుంది కూడా, మే రెండో వారం దాకా. ఆ తర్వాత హైవే మీద చల్లగా ఉన్న ఏసీ ఊళ్లోకి రాగానే వేడిగాలి కొడుతుంది. వానాకాలం వచ్చేసరికి కంప్రెసర్ అరవడం మొదలుపెడుతుంది. మొదటి జబ్బుకు మూలం కండెన్సర్ (గ్రిల్ వెనక ఉండి గ్యాస్ వేడిని గాలికి వదిలేది), రెండోదానికి కంప్రెసర్ ఆయిల్. ఈ రెండింటినీ ముట్టుకోకుండా సిలిండర్ మార్చడాన్నే మన దగ్గర చాలామంది కన్వర్షన్ అంటున్నారు.

అసలు మార్చడం ఎందుకంటే, ఆర్-12 ఇక దొరకదు. ఓజోన్ పొరను తినేసే క్లోరోఫ్లోరోకార్బన్లలో అదొకటి. 1987 మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది. 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం 2003 జనవరి 1 తర్వాత కొత్త ఏసీల తయారీలో దాన్ని వాడకూడదు. 2008లో, మందుల ఇన్‌హేలర్లకు తప్ప, దాని ఉత్పత్తే ఆగిపోయింది. కాబట్టి ఇవాళ ఎవరైనా "ఒరిజినల్ 12 ఉంది" అని సిలిండర్ చూపిస్తే సంతోషపడే ముందు అనుమానపడండి. లోపల ఏ మిశ్రమం ఉందో సిలిండర్ రంగు చూసి చెప్పలేం.

ఒత్తిడి లెక్క

గేజ్ మీద రెండు గ్యాసులూ కవలల్లాగే కనిపిస్తాయి, అదే మోసం. కూలింగ్ కాయిల్ దగ్గర, సున్నా డిగ్రీల వద్ద ఆర్-12 ఒత్తిడి 30 పీఎస్‌ఐ, ఆర్-134ఏది 28. తేడా లేనట్టే. పైకి పోయేకొద్దీ కథ మారుతుంది. 60 డిగ్రీల వద్ద ఆర్-12 దాదాపు 207, ఆర్-134ఏ 229. 70 డిగ్రీల వద్ద 259కి 292. అంటే కొత్త గ్యాస్ కింద కాస్త తక్కువ, పైన బాగా ఎక్కువ. కంప్రెసర్ ఆ రెండింటి మధ్య ఎక్కువ ఎత్తుకు మోయాలి.

ఇప్పుడు మన ఎండను ఇందులో కలపండి. మంచి కండెన్సర్ తన మీదికి వచ్చే గాలి కంటే సుమారు 20 డిగ్రీలు ఎక్కువ వేడి దగ్గర గ్యాస్‌ను ద్రవంగా మారుస్తుంది. బయట 44 ఉంటే లోపల 64, ఒత్తిడి 255 దరిదాపు. నార్కట్‌పల్లి వైపు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నంతసేపూ ఇంతే, ఇబ్బంది లేదు. అదే బండి నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిందనుకోండి. ముందు నుంచి గాలి రాదు. రేడియేటర్ వెనక నుంచి వచ్చిన వేడిగాలి బానెట్ సందుల్లోంచి తిరిగి కండెన్సర్ ముందుకే చేరుతుంది. కండెన్సర్ పీల్చే గాలి 55 అయితే లోపల 75, ఒత్తిడి 330కి చేరువ. అదే వేడిలో ఆర్-12 అయితే 290 దగ్గర ఆగేది. హైవే మీద చల్లగా, ఊళ్లో వేడిగా ఎందుకో ఈ 40 పీఎస్‌ఐలోనే ఉంది.

అందుకే ఖర్చు పెట్టగలిగే డబ్బులో మొదటి వాటా కండెన్సర్‌కు, ఫ్యాన్‌కు పోవాలి. పాత బండ్లలో ఉండేది ఒకే గొట్టం పాములా మెలికలు తిరిగే రకం. దాని స్థానంలో పారలల్ ఫ్లో కండెన్సర్ పెట్టాలి. రెండు పక్కలా నిలువు గొట్టాలు, వాటి మధ్య పలచటి పట్టీలు వరుసగా ఉంటే అదే. గ్రిల్ వెనక ఎంత పెద్దది పడితే అంత పెద్దది తీసుకోండి. కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య 20 నుంచి 25 మిల్లీమీటర్ల ఎడం చాలు. కానీ ఆ ఎడం పక్కల నుంచి, పై నుంచి తెరిచి ఉండకూడదు. రబ్బరు షీటుతోనో వేడికి కరగని ఫోముతోనో చుట్టూ మూసేస్తే వేడిగాలి ముందుకు తిరిగి రాదు. దీనికయ్యే ఖర్చు ఒక భోజనం ఖర్చు. ఏసీ షెడ్లలో ఇది చేసేవాళ్లు మాత్రం అరుదు.

ఫ్యాన్ సంగతి. బెల్టుతో తిరిగే ఫ్యాన్ ఉన్న అంబాసిడర్ లాంటి బండ్లలో ఇంజిన్ నెమ్మదిగా ఉంటే ఫ్యానూ నెమ్మదే. కండెన్సర్ ముందు 10 లేదా 12 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఒకటి తప్పనిసరి. గాలి లోపలికి తోసే రకం అడిగి తీసుకోండి. వైర్లు తిరగేస్తే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది, గాలి ఎదురుగాలితో కుస్తీ పడుతుంది, ఎవరికీ తెలియదు. ఒక కాగితం ముక్క గ్రిల్ ముందు పెట్టి చూడండి, లోపలికి అతుక్కోవాలి. ఫ్యాన్‌కు విడిగా రిలే, విడిగా ఫ్యూజ్ ఉండాలి. ఆ స్థాయి ఫ్యాన్ 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. రాత్రి హెడ్‌లైట్లు, బ్లోయర్, ఫ్యాన్ అన్నీ కలిపితే పాత ఆల్టర్నేటర్ మోయగలదా అన్నది ముందే కొలిపించుకోండి.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. పత్తి తీతల కాలంలో గాల్లో తేలే దూది పోగులు, మిర్యాలగూడ మిల్లుల రోడ్లలో ఊక, మట్టి రోడ్ల దుమ్ము. ఇవన్నీ కండెన్సర్ రెక్కల మధ్య నమదాలా పేరుకుంటాయి. బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, మురికి ఉండేది కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య. లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగాలి. బైకులు కడిగే ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగి, ఉన్న గాలిదారి కూడా మూసుకుపోతుంది.

ఆయిల్ ఎందుకు మారాలి

ఆర్-12 ఏసీలో ఉండేది మినరల్ ఆయిల్. ఆర్-12లో అది కరిగి, గ్యాస్‌తో పాటే తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. ఆర్-134ఏలో కరగదు. కంప్రెసర్ నుంచి బయటపడిన ఆయిల్ కూలింగ్ కాయిల్ అడుగున చేరి అక్కడే కూర్చుంటుంది. ఏసీ చల్లగానే ఉంటుంది, కంప్రెసర్ లోపల మాత్రం ఎండిపోతుంటుంది. అందుకే నెలల తర్వాత చప్పుడు వస్తుంది, అప్పటికి గ్యాస్ కొట్టినవాళ్ల వారంటీ మాట ఎవరికీ గుర్తుండదు.

దీనికి రెండు మందులు: పాగ్ ఆయిల్, ఈస్టర్ ఆయిల్. షాపులో పీఓఈ అంటే రెండోదే. పాత కంప్రెసర్‌నే ఉంచి, ఎంత ఫ్లష్ చేసినా (లోపల ద్రావకంతో కడిగినా) కాస్త మినరల్ ఆయిల్, ఆర్-12 తాలూకు క్లోరిన్ మిగిలే బండికి ఈస్టర్ నయం, ఆ మిగులును అది ఓర్చుకుంటుంది. కంప్రెసర్ కొత్తది, పైపులు, కండెన్సర్ కొత్తవి అయితే కంప్రెసర్ ప్లేటు మీద రాసిన చిక్కదనం పాగ్ వాడాలి. 46, 100, 150 అని ఉండే అంకెలు ఆ చిక్కదనానివే, ఒకదాని బదులు ఒకటి పోయకూడదు. రెండు రకాలూ గాలిలోని తేమను పీల్చుకుంటాయి, పాగ్ మరీ ఎక్కువ. మూత తీసి నెల రోజులు అరలో ఉన్న డబ్బా సగం ధరకు ఇచ్చినా వద్దు.

కంప్రెసర్‌ను బండి మీదనే ఉంచి ఆయిల్ మార్చడం కుదరదు. కిందికి దించి, డ్రెయిన్ బోల్టు ఉంటే అది తీసి, లేకపోతే పైపులు కలిసే రంధ్రాలను కిందికి పెట్టి, ముందువైపున్న హబ్‌ను చేత్తో పది పదిహేను చుట్లు తిప్పుతూ వంచాలి. వచ్చిన ఆయిల్‌ను కొలత గ్లాసులో పట్టి వెలుతురులో చూడండి. తేనె రంగులో పలచగా ఉంటే కంప్రెసర్‌కు ఇంకా ఆయుష్షు ఉంది. నల్లగా ఉండి, వేలి మీద రుద్దితే వెండి పొడిలా మెరిస్తే ఆ కంప్రెసర్ లోపల అరిగిపోయింది. దానికి కొత్త గ్యాస్ పెట్టడం దండగ, పైగా ఆ పొడి కొత్త కండెన్సర్‌లోకి పోయి దాన్నీ పాడుచేస్తుంది.

ఎంత పోయాలన్నదానికి కంప్రెసర్ తయారీదారు ఇచ్చిన అంకే ప్రమాణం. చిన్న కార్లలో మొత్తం సిస్టమ్‌కు ఇది ఎక్కువగా 100 నుంచి 180 మిల్లీలీటర్ల మధ్య ఉంటుంది. మొత్తం ఫ్లష్ చేసినప్పుడే పూర్తి కొలత. కండెన్సర్ ఒక్కటే మారిస్తే సుమారు 30, డ్రయర్ (గ్యాస్‌లోని తేమను పీల్చే బాటిల్) మారిస్తే 15 నుంచి 20 కలపాలి. "ఎక్కువ పోస్తే మంచిదే కదా" అనుకోకండి. ఎక్కువైన ఆయిల్ కాయిల్ గొట్టాల లోపల పొరలా అంటుకుని చల్లదనాన్ని తగ్గిస్తుంది.

విడిభాగాల్లో ఏవి మార్చాలి

డ్రయర్ బాటిల్ గురించి బేరం లేదు, మార్చాల్సిందే. పాత బాటిల్‌లో తేమ పీల్చే గింజలు ఎక్స్‌హెచ్-5 రకం, ఆర్-134ఏతో అవి చితికి పొడి అవుతాయి. ఎక్స్‌హెచ్-7 లేదా ఎక్స్‌హెచ్-9 ఉన్నది తీసుకోవాలి. మూతలు మాత్రం చివరి నిమిషంలో తీయండి. బాటిల్ పొద్దున్నే విప్పి బల్ల మీద పెట్టి సాయంత్రం బిగిస్తే, ఆగస్టు తేమంతా అప్పటికే దాని కడుపులో ఉంటుంది.

జాయింట్లలో ఉండే ఓ-రింగులన్నీ మార్చండి. పాతవి నల్లటి నైట్రిల్ రబ్బరు, ముప్పై ఏళ్ల వేడికి గట్టిపడి ఉంటాయి. ఒకదాన్ని తీసి రెండు వేళ్ల మధ్య నొక్కితే చిట్లుతుంది, ఇంక చెప్పేదేముంది. కొత్తవి హెచ్‌ఎన్‌బీఆర్ రకం, ఎక్కువగా ఆకుపచ్చ రంగులో వస్తాయి. రంగు చూసి కాదు, అడిగి కొనండి. పెట్టే ముందు ఆయిల్ తడి చేయాలి, పొడిగా బిగిస్తే రింగు మెలితిరిగి తెగుతుంది.

పైపుల దగ్గర భిన్నాభిప్రాయాలున్నాయి. ఆర్-134ఏ అణువు చిన్నది, మామూలు రబ్బరు గోడలోంచి మెల్లగా జారిపోతుంది, అందుకే లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోస్ కావాలంటారు. నిజమే. కానీ ఏళ్ల తరబడి మినరల్ ఆయిల్ తాగిన పాత పైపు గోడ ఆ జారుడును కొంత అడ్డుకుంటుంది. పైపు మెత్తగా ఉండి, క్రింపు (పైపు కొసను నొక్కి బిగించిన చోటు) దగ్గర జిడ్డు దుమ్ము అంటుకోకపోతే దాన్ని ఉంచవచ్చని మా అభిప్రాయం. మార్చితే మాత్రం బ్యారియర్ హోసే. మన దగ్గర చాలామంది ట్రాక్టర్, జేసీబీ పైపులు ప్రెస్ చేసే షాపుకు తీసుకెళ్లి హైడ్రాలిక్ పైపు వేయిస్తారు. అది వేల పీఎస్‌ఐని ఆపుతుంది గానీ గ్యాస్ జారుడును ఆపదు. హోస్ మీరు కొనుక్కెళ్లండి, వాళ్ల దగ్గర ప్రెస్ మాత్రం చేయించండి.

కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కోసమే డ్యాష్‌బోర్డు విప్పనక్కర్లేదు. కూలింగ్ కాయిల్ లీకై ఎలాగూ బయటికి తీస్తే అప్పుడు ఆర్-134ఏ వాల్వ్ వేయండి. ప్రెషర్ స్విచ్ మాత్రం వదలొద్దు. చాలా పాత బండ్లకు ఒత్తిడి మితిమీరితే గ్యాస్ బయటికి వదిలే వాల్వే ఉంటుంది, కంప్రెసర్‌ను ఆపే స్విచ్ ఉండదు. డ్రయర్ తల మీద బిగించే స్విచ్ 28-30 పీఎస్‌ఐ కింద, 450 దరిదాపు పైన కంప్రెసర్ క్లచ్‌కు కరెంటు తెంచుతుంది. ఫ్యాన్‌ను కూడా నడిపే మూడు పనుల రకం దొరికితే ఇంకా మంచిది.

పని నడిచే తీరు

లోపల మిగిలిన ఆర్-12ను గాల్లోకి వదలకూడదు. రికవరీ మిషన్ ఉన్న చోట తీయించండి. పక్కన బీడీ, గ్యాస్ వెల్డింగ్ మంట ఏదీ ఉండకూడదు, ఈ గ్యాస్ మంటలో పడితే ఊపిరితిత్తులను కాల్చే విషవాయువులు పుడతాయి.

తర్వాత ఫ్లష్. పైపులు, కూలింగ్ కాయిల్, పాత రకం కండెన్సర్ మాత్రమే. కంప్రెసర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండా ఫ్లష్ పంపకూడదు. పెట్రోలుతో కడిగేవాళ్లున్నారు, రబ్బరు ఉబ్బుతుంది, లోపల ఆవిరి మిగులుతుంది, నిప్పురవ్వ చాలు. ఏసీ ఫ్లష్ ద్రావకంతో కడిగి నైట్రోజన్‌తో ఆరబెట్టాలి. బిగించాక లీకు పరీక్ష కూడా నైట్రోజన్‌తోనే, 150 నుంచి 200 పీఎస్‌ఐ పెట్టి సబ్బు నురగతో. పక్క షెడ్డులో వెల్డింగ్ ఆక్సిజన్ సిలిండర్ చేతికందేలా ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ ఆయిల్‌ను తాకితే పేలుతుంది. కంప్రెసర్ గాలి, ఆర్-134ఏ కలిపి ఒత్తిడి పెట్టడం కూడా ప్రమాదమే, ఆ మిశ్రమం అంటుకోగలదు.

వాక్యూమ్ (లోపలి గాలినీ తేమనూ పంపుతో లాగేయడం) దగ్గర ఊరి ఎత్తు గుర్తుంచుకోవాలి. పుస్తకాల్లో గేజ్ 29.9 అంగుళాలకు పోవాలని ఉంటుంది, అది సముద్ర మట్టం లెక్క. దాదాపు 500 మీటర్ల ఎత్తున్న మహబూబ్‌నగర్‌లో మామూలు గేజ్ 28 దాటి కొద్దిగా పోయి ఆగుతుంది. పంపు చెడినట్టు కాదు. అయితే ఇదే సాకుతో పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను వాక్యూమ్ పంపుగా వాడే షెడ్లను సమర్థించలేం, అది తేమను మరిగించేంత లోతుకు నమ్మకంగా పోదు. రెండు దశల పంపు, వీలైతే వాక్యూమ్ లోతును కచ్చితంగా కొలిచే మైక్రాన్ గేజ్, 500 మైక్రాన్లు లక్ష్యం. కనీసం 45 నిమిషాలు, వానాకాలంలో గంటకు పైనే. పంపు ఆపి 20 నిమిషాలు చూడండి. ముల్లు కదిలితే లీకో, తేమో ఉంది.

సర్వీసు వాల్వులకు అడాప్టర్లు బిగించాలి. ఆర్-134ఏ కప్లర్లు తక్కువ ఒత్తిడి వైపు 13, ఎక్కువ ఒత్తిడి వైపు 16 మిల్లీమీటర్లు, ఒకదాని చోట ఒకటి పట్టవు. రేపు ఎవరో పొరపాటున వేరే గ్యాస్ కలపకుండా ఆపేది ఇవే.

ఎంత గ్యాస్ అన్నదే చివరి ఉచ్చు. పాత కొలతలో 80 నుంచి 85 శాతం దాటకూడదు. బానెట్ లేబుల్ మీద 700 గ్రాములుంటే, అందులో 90 శాతం తీసుకుని 113 గ్రాములు తగ్గించండి: 630లోంచి తీస్తే 517. అక్కడ ఆగి, గేజ్ చూస్తూ కొద్దికొద్దిగా 560-590 దాకా వెళ్లొచ్చు. కూరగాయల కొట్లో ఉండే 5 గ్రాముల కచ్చితత్వం గల డిజిటల్ కాటా చాలు, డబ్బాను దాని మీదే పెట్టండి. 450 గ్రాముల డబ్బాలు "ఒకటిన్నర" అని చేతి బరువుతో లెక్కేస్తే అయ్యేది కాదు. ఇంజిన్ నడుస్తుండగా ఎక్కువ ఒత్తిడి వైపు వాల్వ్ ఎప్పుడూ తెరవొద్దు, డబ్బా పేలుతుంది.

డ్రయర్ మీది అద్దంలో బుడగలు పోయేదాకా నింపడం ఆర్-12 నాటి అలవాటు. ఆర్-134ఏకు అది పనికిరాదు. అద్దం తేటపడే సరికి గ్యాస్ ఎక్కువైపోయి ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో ఒత్తిడి ఆకాశానికి పోతుంది. షెడ్డులో సాయంత్రం ఐదింటికి గ్యాస్ కొట్టించుకుని, మర్నాడు పన్నెండింటికి వేడిగాలితో తిరిగొచ్చే బండ్లలో సగం ఈ అద్దం బాధితులే.

పరీక్ష మధ్యాహ్నమే చేయండి. తలుపులు తెరిచి, బ్లోయర్ పూర్తిగా, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం. బయటి వేడిని ఫారన్‌హీట్‌లోకి మార్చి 2.2 నుంచి 2.5తో గుణిస్తే ఎక్కువ వైపు ఉండాల్సిన ఒత్తిడి వస్తుంది. 44 డిగ్రీలంటే 111 ఫారన్‌హీట్, అంటే 245 నుంచి 278. తక్కువ వైపు 30 నుంచి 45. రెండూ ఎక్కువగా ఉంటే కండెన్సర్ ముందు ఒక బకెట్ నీళ్లు చల్లి చూడండి. పైది వెంటనే 50 పీఎస్‌ఐకి పైగా పడిపోతే గాలి చాలడం లేదు, ఫ్యాన్ చూడాలి. అంతంతమాత్రంగా పడితే గ్యాస్ ఎక్కువైందో, లోపల గాలి మిగిలిందో అనుమానించాలి. తక్కువ వైపు వాక్యూమ్‌లోకి జారుతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర చెత్తో, గడ్డకట్టిన తేమో అడ్డుపడింది.

అడ్డదారులు

పాత ఇంటి ఏసీల్లో ఉండే ఆర్-22 "బాగా చల్లగా ఉంటది" అని కారుకు కొడతారు. 65 డిగ్రీల దగ్గరే దాని ఒత్తిడి 375 దాటుతుంది. పైపు చిట్లితే అదృష్టం, కంప్రెసర్ సీలు పోతే ఖర్చు. వంటగ్యాసో, అలాంటి హైడ్రోకార్బన్ మిశ్రమమో నింపడం ఇంకా ఘోరం. చల్లదనం నిజంగానే బాగుంటుంది, కానీ కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డు లోపల. అది లీకైతే మండే గ్యాస్ చేరేది మీ పిల్లలు కూర్చున్న క్యాబిన్‌లోకి. లీకు మూసే ద్రవాల డబ్బాలు రికవరీ మిషన్లనే పాడుచేస్తాయి, మంచి షెడ్డు ఆ బండిని తర్వాత ముట్టుకోదు. కొత్త గ్యాస్ ఆర్-1234వైఎఫ్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది ఆర్-134ఏ ముందు లెక్కలోకి రాదు గానీ, ఖరీదు, కొద్దిగా మండే గుణం చూస్తే ముప్పై ఏళ్ల బండికి దాన్ని సిఫారసు చేయం.

కంప్రెసర్ ఆయిల్ నల్లగా వచ్చిందా, కాయిల్ కూడా లీకా, అప్పుడు మరమ్మతు మానేసి మొత్తం సెట్టు మార్చే లెక్క వేయండి. మారుతి 800 తయారీ 2014 జనవరి దాకా సాగింది, చివరి ఏళ్లలో ఏసీతో వచ్చిన బండ్లకు ఫ్యాక్టరీ నుంచే ఆర్-134ఏ ఉండేది. వాటి కంప్రెసర్, కండెన్సర్, కాయిల్ పాత బండికి సర్దుకోవచ్చు, బ్రాకెట్లు, పైపు కొసలు మాత్రం కొలిచి చూసుకోవాలి.

పని అయిపోయాక బానెట్ కింద ఒక స్టిక్కర్ అంటించండి: ఆర్-134ఏ, ఎన్ని గ్రాములు, ఏ ఆయిల్, ఎన్ని మిల్లీలీటర్లు, తేదీ. చెరిగిపోని పెన్నుతో. పది రోజులయ్యాక బండిని నీడలో నిలిపి, ప్రతి జాయింటు కింద తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు ఆయిల్ మరక అంటిన చోటే గ్యాస్ కూడా పోతోంది.